వరుస తప్పని ప్రతిభ

ఒక పద్యం కుదిరినంత మాత్రాన కావ్యం కుదరదు. ఒక కావ్యం కుదిరినంత మాత్రాన రెండవది కూడా అలాగే కుదురుతుందన్న నమ్మకం లేదు. చెరువు నిండడానికి ఒక్క పెద్ద వాన చాలవచ్చు. పంట చేతికి రావాలంటే మాత్రం అదనుకు అదను వానలు కురవాలి. కళాకారుని విషయమూ అంతే. మొదటి విజయానికి అదృష్టం కొంత తోడ్పడవచ్చు. రెండవ విజయానికి పేరు ప్రతిష్ఠలు తోడ్పడవచ్చు. మూడవ, నాల్గవ విజయాలకు తోడ్పడేది అతని శక్తి ఒక్కటే. అందుకే ఒకే ఒక్క గొప్ప కృతిని రచించినవాని కంటే వరుసగా గొప్ప కృతులను రచించినవానిని లోకం ఎక్కువ ఆశ్చర్యంతో చూస్తుంది.

పాశ్చాత్య దేశాల రాక్ సంగీతాభిమానుల మధ్య ఈ ఆశ్చర్యమే ఒక తెగని వాదంగా మారింది. ఏ బృందం మధ్యలో ఒక్క బలహీనమైన కృతి కూడా లేకుండా వరుసగా ఉత్తమమైన ఆల్బములను వెలువరించింది అన్నదే ఆ వాదం. పైకి ఇది కేవలం కాలక్షేపపు ముచ్చటగా కనిపించవచ్చు. కాని లోతుకు వెళ్లి చూస్తే, కళలో గొప్పతనాన్ని దేనితో కొలవాలి అనే ప్రాచీనమైన ప్రశ్న ఇందులో దాగి ఉన్నది.

వాదంలోకి దిగే ముందు ఆల్బమ్ అంటే ఏమిటో తెలుసుకోవడం అవసరం. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోను రికార్డు ఒక వైపున మూడు నాలుగు నిమిషాల పాట మాత్రమే పట్టేది. 1948లో అమెరికాలోని కొలంబియా సంస్థ నిమిషానికి 33 1/3 చుట్లు తిరిగే ఎల్.పి. రికార్డును ప్రవేశపెట్టింది. దానిలో ఒక్కో వైపున ఇరవై నిమిషాలకు పైగా సంగీతం పట్టింది. ఆ విధంగా కళాకారునికి విశాలమైన స్థలం లభించింది. అయితే తొలి రోజులలో రాక్ గాయకులు ఆ స్థలాన్ని అంతగా గౌరవించలేదు. జనాదరణ పొందిన ఒకటి రెండు పాటల చుట్టూ మరికొన్ని పాటలను చేర్చి రికార్డు నింపడమే పరిపాటిగా ఉండేది. 1960 దశకం మధ్య నాటికి ఈ దృష్టి మారింది. పాటల ఎంపిక, వాటి క్రమం, చివరకు అట్ట మీది బొమ్మతో సహా అన్నీ కలిసి ఒకే కృతి అన్న భావన బలపడింది. చాటుపద్యాల సంకలనానికీ, ఆద్యంతాలున్న ప్రబంధానికీ ఎంత భేదమున్నదో, పాత ఎల్.పి.కీ ఈ కొత్త ఆల్బముకూ అంత భేదమున్నది. ఆల్బమ్ సమగ్రమైన కృతి అయిన తరువాతనే దాని వరుసను గురించి వాదించడంలో అర్థం ఏర్పడింది.

ఈ వాదంలో సాధారణంగా వినిపించే కొలమానాలు రెండు. మొదటిది అమ్మకాల లెక్క. పింక్ ఫ్లాయిడ్ బృందం 1973లో వెలువరించిన 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' ఆల్బమ్ 1988 వరకు అమెరికాలోని బిల్‌బోర్డ్ పట్టికలో మొత్తం 741 వారాలు నిలిచింది. ఇది అసాధారణమైన ఆదరణ అనడంలో సందేహం లేదు. కాని జనాదరణ కృతి గొప్పతనానికి సాక్షి కాగలదే తప్ప న్యాయమూర్తి కాజాలదు. రెండవది సంఖ్య. క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ అనే అమెరికన్ బృందం 1969వ సంవత్సరం ఒక్కదానిలోనే మూడు ఆల్బములు వెలువరించి, మరుసటి సంవత్సరం నాల్గవదానితోనూ మెప్పు పొందింది. ఆ వేగం మెచ్చదగినదే. అయినా ఒకే అచ్చులో పోసిన నాలుగు ప్రతిమలకు నాలుగు శిల్పాల విలువ కట్టవచ్చునా అన్న ప్రశ్న మిగిలిపోతుంది.

ఈ చిక్కును విడదీయడానికి భారతీయ ఆలంకారికులు చేసిన ఒక నిర్వచనం చక్కగా ఉపకరిస్తుంది. ఎప్పటికప్పుడు కొత్తగా వికసించే ప్రజ్ఞకే వారు ప్రతిభ అని పేరు పెట్టారు. నిర్దోషత్వం ప్రతిభకు లక్షణమని వారు అనలేదు, నవ్యతయే లక్షణమన్నారు. ఈ దృష్టితో చూస్తే, వరుస కృతుల ఘనతను నిర్ణయించేది వాటి సంఖ్య కాదు, వాటి అమ్మకం కాదు. ఒక కృతికీ దాని తరువాతి కృతికీ మధ్య కళాకారుడు నడిచిన దూరం. ఈ కొలమానంతో నాలుగు బ్రిటిష్ బృందాలను పరిశీలించవచ్చు.

మొదటిది లెడ్ జెప్లిన్. జిమ్మీ పేజ్, రాబర్ట్ ప్లాంట్, జాన్ పాల్ జోన్స్, జాన్ బోనమ్ అనే నలుగురు 1968లో ఈ బృందంగా ఏర్పడ్డారు. 1969 జనవరి నుండి 1975 ఫిబ్రవరి వరకు వీరు వెలువరించిన ఆరు ఆల్బములలో తీసివేయదగినది ఒక్కటీ లేదని వీరి అభిమానులు వాదిస్తారు. ఆ వాదంలో బలమున్నది. బ్లూస్ సంగీతాన్ని ఉరుములా మోగించిన మొదటి రెండు ఆల్బముల తరువాత, 1970 నాటి మూడవదానిలో వీరు విద్యుత్తు లేని గిటార్ల మృదువైన నాదానికి పెద్దపీట వేశారు. విమర్శకులు ఆనాడు దానిని అంతగా మెచ్చలేదు. మరుసటి సంవత్సరం వచ్చిన నాల్గవ ఆల్బముకు వీరు పేరే పెట్టలేదు; అట్ట మీద బృందం పేరు కూడా వేయలేదు. సంగీతమే తన పరిచయం తాను చేసుకోవాలన్నది వారి పట్టుదల. 1975 నాటి ఆరవ ఆల్బములో 'కాశ్మీర్' అనే పాట ఉన్నది. అది పుట్టింది కాశ్మీరంలో కాదు, మొరాకో ఎడారి దారిలో సాగిన ప్రయాణం నుండి. ఈ విధంగా వీరి క్షేత్రం ఏటేటా విశాలమవుతూ వచ్చింది. అయితే ఒక లోపాన్ని కూడా చెప్పుకోవాలి. అమెరికాలోని నల్లజాతి బ్లూస్ కవిగాయకుల నుండి వీరు గ్రహించినది చాలా ఉన్నది. గ్రహించిన చోట ప్రతిసారీ వారి పేరు చెప్పలేదు. విల్లీ డిక్సన్ అనే బ్లూస్ రచయిత ఈ విషయమై 1980 దశకంలో న్యాయస్థానానికి వెళ్లగా, ఆ వివాదం రాజీతో ముగిసింది. పూర్వకవి స్తుతితో కావ్యాన్ని ఆరంభించే సంప్రదాయం తెలిసినవారికి ఈ లోపం చిన్నదిగా తోచదు.

రెండవది రోలింగ్ స్టోన్స్. 1967 చివర వీరు తమకు నప్పని వేషం ఒకటి వేశారు. ఆ సంవత్సరం లోకాన్ని ఊపివేసిన బీటిల్స్ ఆల్బమ్ పోకడలను అనుసరిస్తూ వీరు చేసిన ఆల్బమ్ అనుకరణగానే మిగిలిపోయిందని విమర్శకులు భావించారు. ఆ దెబ్బతో వీరు తమ స్వస్థానానికి, అంటే బ్లూస్ సంగీతానికి తిరిగి వచ్చారు. 'బెగర్స్ బ్యాంక్వెట్', 'లెట్ ఇట్ బ్లీడ్', 'స్టికీ ఫింగర్స్', 'ఎక్సైల్ ఆన్ మెయిన్ స్ట్రీట్' అనే నాలుగు ఆల్బములు 1968 నుండి 1972 వరకు వెలువడ్డాయి. ఈ నాలుగింటికీ నిర్మాత జిమ్మీ మిల్లర్. ఈ కాలం వారికి సుఖంగా గడిచిన కాలం కాదు. బృంద స్థాపకులలో ఒకడైన బ్రయాన్ జోన్స్ 1969 జూలైలో మరణించాడు. అదే సంవత్సరం డిసెంబరులో కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్ వద్ద జరిగిన వీరి కచేరీలో, వేదిక ముందే ఒక యువకుడు హత్యకు గురయ్యాడు. 1971లో బ్రిటన్ పన్నుల భారం తప్పించుకోవడానికి దేశం విడిచి, దక్షిణ ఫ్రాన్సులోని ఒక భవనపు నేలమాళిగలో వీరు తమ పాటలను రికార్డు చేశారు. ఆ ఉక్క, ఆ అలసట, ఆ ప్రవాసం అన్నీ 'ఎక్సైల్'లో వినిపిస్తాయి. వెలువడినప్పుడు మిశ్రమ స్పందన పొందిన ఆ ఆల్బమ్, కాలం గడిచిన కొద్దీ వారి ఉత్తమ కృతులలో ఒకటిగా పేరు పొందింది. రోలింగ్ స్టోన్స్ చేసినది ఒకే బావిని మరింత లోతుకు తవ్వడం. జల పడేదాకా తవ్వినవాని ఓర్పు గొప్పదే. కాని ఆ నాలుగింటిలోనూ ఊరినది ఒకే ఊట.

మూడవది పింక్ ఫ్లాయిడ్. 1973 నుండి 1979 వరకు వీరు వెలువరించిన నాలుగు ఆల్బములలోనూ ఒక్కొక్క దానికి ఒక్కొక్క కేంద్ర భావమున్నది. మొదటిది కాలం, ధనం, మృత్యువు, మతిభ్రమణం అనే వాటి మధ్య నలిగే మనిషిని గురించినది. రెండవదైన 'విష్ యూ వర్ హియర్' ఒక విరహగీతం వంటిది. బృందానికి తొలినాళ్లలో నాయకుడై, మానసిక అస్వస్థత వల్ల దూరమైన సిడ్ బ్యారెట్ లేని లోటు దానికి ప్రాణం. 1975 జూన్‌లో ఆ పాటల రికార్డింగు సాగుతున్న రోజులలో బ్యారెట్ తానుగా స్టూడియోకు వచ్చాడు. తల, కనుబొమలు గొరిగించుకుని, దేహం స్థూలమై వచ్చిన ఆ మనిషిని పాత మిత్రులు చాలాసేపు గుర్తుపట్టలేకపోయారు. ఎవరి కోసం పాడుతున్నారో ఆ వ్యక్తి ఎదుట నిలిచినా పోల్చుకోలేని ఆ క్షణం కంటే కరుణమైన ఘట్టం రాక్ సంగీత చరిత్రలో అరుదు. మూడవ ఆల్బమ్ మనుషులను పందులుగా, కుక్కలుగా, గొర్రెలుగా చూపిన వ్యంగ్య కృతి. నాల్గవదైన 'ది వాల్' తన చుట్టూ తానే గోడ కట్టుకున్న గాయకుని కథ. నాలుగు కృతులూ భావంలో గంభీరమైనవి. కాని వీటి మధ్య సంగీత స్వరూపం మారినంతగా దృక్పథం మారలేదు. ఏకాకితనం, లోకం మీది ఆగ్రహం క్రమంగా చిక్కబడుతూ పోయాయి. చివరకు ఆ గోడ బృందం లోపలికే వచ్చింది. 'ది వాల్' నిర్మాణ కాలంలోనే రిచర్డ్ రైట్ బృందం నుండి వైదొలగవలసి వచ్చింది.

నాల్గవది బీటిల్స్. 1963లో వీరు తమ మొదటి ఆల్బములోని పాటలలో పదింటిని ఒక్క రోజులోనే రికార్డు చేశారు. నాలుగేళ్లు గడిచేసరికి ఒక్క ఆల్బము కోసం సుమారు ఐదు నెలలు శ్రమించారు. ఈ రెంటి మధ్య జరిగినదే అసలు కథ. 1965 డిసెంబరులో వచ్చిన 'రబ్బర్ సోల్'తో వీరి పాట బాల్యం వీడింది. ప్రేమను గురించిన తేలిక మాటల స్థానంలో జ్ఞాపకం, సందేహం, తనను తాను పరిహసించుకోవడం ప్రవేశించాయి. ఆ ఆల్బములోనే జార్జ్ హారిసన్ 'నార్వీజియన్ వుడ్' పాటలో సితార్ వాయించాడు. అప్పటికి ఆయన సితార్‌లో ఇంకా ప్రారంభ దశలోనే ఉన్నాడు. మరుసటి సంవత్సరం పండిట్ రవిశంకర్‌ను కలిసి శిష్యునిగా కూర్చున్నాడు.

1966 ఆగస్టులో వచ్చిన 'రివాల్వర్' అంతకుముందటి దానికి కొనసాగింపు కాదు; దానిని దాటి వేసిన అంగ. 'ఎలినార్ రిగ్బీ' పాటలో గిటార్లు లేవు, డ్రమ్స్ లేవు. నాలుగు వయొలిన్లు, రెండు వయోలాలు, రెండు చెల్లోలు మాత్రమే ఒక ఒంటరి స్త్రీ మరణాన్ని పలికించాయి. అదే ఆల్బము చివరి పాటలో టేపు ముక్కలను చుట్టలుగా అతికించి తిప్పి వింత ధ్వనులను సృష్టించారు. లెనన్ కంఠాన్ని ఆర్గన్‌కు వాడే తిరుగుడు స్పీకరు గుండా పంపించారు. ఆ నెలలోనే శాన్ ఫ్రాన్సిస్కోలో చివరి కచేరీ చేసి, వీరు పర్యటనలకు స్వస్తి చెప్పారు. లక్షల అభిమానుల కేకల మధ్య తమ పాట తమకే వినిపించని స్థితిని వదులుకుని, స్టూడియో ఏకాంతాన్ని ఎంచుకున్నారు. ధనం తెచ్చే దారిని విడిచి పని సాగే దారిని ఎంచుకోవడం సామాన్యమైన నిర్ణయం కాదు.

ఆ ఏకాంత ఫలమే 1967 నాటి 'సార్జంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్'. నాలుగు ట్రాకుల టేపు యంత్రాలతోనే, జార్జ్ మార్టిన్ నిర్మాణ నైపుణ్యంతో, సుమారు 40 మంది వాద్యకారుల బృందాన్ని కూడా రప్పించి దానిని రూపొందించారు. అందులోనే హారిసన్ పాట ఒకటి తబలా, దిల్‌రుబా వంటి భారతీయ వాద్యాలతో సాగుతుంది. లోకమంతా ఆ ఆల్బమును ఆకాశానికి ఎత్తింది. అటువంటి విజయం తరువాత ఎవరైనా అదే బాణీలో మరొకటి చేస్తారు. వీరు చేయలేదు. 1968 తొలినాళ్లలో వీరు హృషీకేశంలోని మహర్షి మహేశ్ యోగి ఆశ్రమంలో గడిపారు. అక్కడ చేతికి అందిన గిటార్లతో కట్టిన పాటలు అనేకం ఆ సంవత్సరం నవంబరులో వచ్చిన జంట ఆల్బములో చేరాయి. ముందటి ఆల్బము అట్ట రంగుల సంత. దీని అట్ట తెల్లని కాగితం. అది వాద్య వైభవం. ఇది అనేక చోట్ల ఒంటి గిటారు. అందులోని 30 పాటలు ముప్పై దారులు. ఆ నిర్మాణ కాలంలో బృందంలో కలతలు కూడా పెరిగాయి. రింగో స్టార్ కొద్ది రోజులు బృందాన్ని విడిచి వెళ్లి తిరిగి వచ్చాడు. అయినా కృతి నిలిచింది.

ఇక్కడ ప్రతిపక్షం వారు లేవనెత్తే ఆక్షేపణ ఒకటి ఉన్నది. 1969 జనవరిలో వచ్చిన 'యెల్లో సబ్‌మెరైన్'లో బీటిల్స్ కొత్త పాటలు నాలుగే. రెండవ వైపంతా ఒక చలనచిత్రం కోసం జార్జ్ మార్టిన్ కూర్చిన నేపథ్య సంగీతం. కనుక ఆ సంవత్సరం సెప్టెంబరులో వచ్చిన 'అబ్బే రోడ్' వరకు వరుస సాగిందనడం చెల్లదని వారంటారు. కొందరు అభిమానులు ఆ ఆల్బమ్ చలనచిత్ర సంగీతం కాబట్టి లెక్కలోకి రాదని దాటవేస్తారు. ఇది ఇష్టమైన కవి పద్యంలో యతి తప్పితే, దానిని కొత్త రకం యతిగా సమర్థించే పద్ధతి. లక్షణం అందరికీ ఒక్కటే కావాలి. ఆ ఆక్షేపణను అంగీకరించడమే న్యాయం. అంగీకరించినప్పుడు బ్రిటన్‌లో వెలువడిన ఎల్.పి.ల క్రమాన్ని బట్టి బీటిల్స్ వరుస నాలుగు ఆల్బములకు కుదించుకుపోతుంది. లెడ్ జెప్లిన్ ఆరు ఆల్బముల ముందు ఇది చిన్నదే.

అయినా ఘనత బీటిల్స్‌దే. 1965 డిసెంబరు నుండి 1968 నవంబరు వరకు మూడేళ్లు నిండని కాలంలో వెలువడిన ఆ నాలుగు ఆల్బములను వరుసగా వినిపిస్తే, తెలియని శ్రోత వాటిని ఒకే బృందం చేసిందంటే నమ్మడం కష్టం. ప్రతి కృతీ తన ముందటి కృతి సాధించిన విజయాన్ని చేజేతులా వదులుకుని బయలుదేరింది. రోలింగ్ స్టోన్స్ బావిని లోతు చేశారు. లెడ్ జెప్లిన్ పొలాన్ని విశాలం చేశారు. పింక్ ఫ్లాయిడ్ గట్టి కట్టడాలు కట్టారు. బీటిల్స్ ప్రతి పంటకూ కొత్త నేలను దున్నారు. 'యెల్లో సబ్‌మెరైన్' వంటి తొట్రుపాటు కూడా ఆ స్వభావానికి చెల్లించిన మూల్యమే. నడిచిన దారిలోనే నడిచేవాడు జారిపడడు. కొత్త దారిన పోయేవానికే ఆ ప్రమాదం.

ఈ గుణం బీటిల్స్‌తోనే ముగియలేదు. రేడియోహెడ్ అనే మరొక బ్రిటిష్ బృందం 1997లో 'ఓకే కంప్యూటర్'తో గొప్ప కీర్తి పొందింది. 2000లో వెలువరించిన 'కిడ్ ఎ'లో తమకు పేరు తెచ్చిన గిటార్ల బాణీని పక్కకు నెట్టి ఎలక్ట్రానిక్ ధ్వనులను ఆశ్రయించింది. ఆనాడు తికమకపడిన శ్రోతలు, విమర్శకులు ఎందరో తరువాతి కాలంలో దానిని మెచ్చుకున్నారు. కొత్తదనానికి తక్షణ ప్రశంస దొరకకపోవచ్చు. కాలం మాత్రం దాని పక్షానే తీర్పు చెబుతుంది.

ఇందులో శ్రోతల బాధ్యత కూడా లేకపోలేదు. తాము మొదట మెచ్చిన పాటనే మళ్లీ మళ్లీ కోరే అభిమాని, తెలియకుండానే తన అభిమాన కళాకారుని ఎదుగుదలకు అడ్డుపడుతున్నాడు. అచ్చం మొన్నటి పాటలాగే ఉన్నదన్న పొగడ్త నిజానికి పొగడ్త కాదు. అలాగే, నేడు చేతిలోని ఫోనులో పాటలను విడివిడిగా ఏరుకుని వినడం అలవాటైనవారికి కృతి సమగ్రత అనుభవంలోకి రావడం కష్టమవుతున్నది. ఒక ఆల్బమును మొదటి పాట నుండి చివరి పాట వరకు, ఆ తరువాత దాని వెంట వచ్చిన దానిని అదే శ్రద్ధతో వినగలిగినవారికే ఈ వాదంలో పాల్గొనే అర్హత చేకూరుతుంది. కావ్యాన్ని నాలుగు పద్యాలతోనే తీర్చి చెప్పడం ఎంత అనుచితమో, బృందాన్ని నాలుగు పాటలతో తీర్చి చెప్పడమూ అంతే అనుచితం.

ఈ వాదానికి చివరి తీర్పు ఎన్నటికీ రాకపోవచ్చు, రాకపోవడమే మేలు. తీర్పు వస్తే వినడం ఆగిపోతుంది. అయితే వాదించేవారు తమ కొలమానమేదో ముందుగా చెప్పాలి, దానిని తమవారికీ పరాయివారికీ సమానంగా వర్తింపజేయాలి, ఎదుటివారి పక్షంలోని బలాన్ని ఒప్పుకోవాలి. అప్పుడు ఓడినవాడు కూడా తాను వినని ఒక మంచి ఆల్బమ్ పేరు తెలుసుకుని ఇంటికి వెళతాడు. సహృదయుల వాదానికి అంతకు మించిన ప్రయోజనం లేదు.